సెల్ఫ్ అందుకోని ఉదయం

భోగికి ముందురోజు, తెల్లవారుజాము నాలుగున్నర. సెల్లార్‌లో ఒక్క ట్యూబ్‌లైటు మినుకుమంటోంది. వెనక సీట్లో మా అత్తగారు, ఆవిడ ఒళ్లో అరిసెల డబ్బా. డిక్కీ నిండా సంచులు. బెజవాడ నుంచి కోనసీమకి ప్రయాణం. పండగ రద్దీ మొదలవకముందే ఏలూరు దాటేయాలని రాత్రే నిర్ణయించుకున్నాం. తాళం తిప్పాను. రోజూ ఒక్క ఊపున లేచి కూర్చునే ఇంజను, మోకాళ్ల నొప్పులాయన మెట్లెక్కుతున్నట్టు ‘ర్ర్... ర్ర్... ర్ర్’ అని మూడుసార్లు మూలిగి ఆగిపోయింది. మళ్లీ తిప్పితే ఆ మూలుగూ లేదు. బానెట్ కింద నుంచి ‘టకటకటక’మని బల్లి పలికినట్టు చప్పుడు. డాష్‌బోర్డు మీది దీపాలు సొమ్మసిల్లి, తాళం వదలగానే తేరుకున్నాయి. బల్లి పలికితే సత్యం అంటారు కదా. ఆ టకటకలో ఉన్నదీ సత్యమే. మూడు నెలలుగా నేను వినకుండా దాటేస్తూ వచ్చిన సత్యం.

మఫ్లర్ చుట్టుకున్న వాచ్‌మన్ వచ్చి, ‘తోద్దామా సార్?’ అన్నాడు. తొయ్యడానికి సెల్లార్‌లో జాగా ఏది? స్తంభానికీ స్తంభానికీ మధ్య నాలుగు కార్ల మేర, ఆ తర్వాత ర్యాంపు, అది కూడా ఎగువకి. వెనకటి లారీ డ్రైవర్లు ఇంతకంటే తెలివైనవాళ్లు. సెల్ఫ్ మీద నమ్మకం చాలని బండిని రాత్రిపూట వాలు చూసి ఆపేవారు, పొద్దున్నే బ్రేకు వదిలి దొర్లిస్తే అదే అందుకునేది. మనం మాత్రం ఎలాంటి బండినైనా గోతిలో నిలిపి, అది పొద్దున మనల్ని పైకి మోసుకొస్తుందని నిశ్చింతగా నిద్రపోతాం.

బ్యాటరీ ఆ తెల్లవారుజామునే పోయిందా అంటే, కాదు. దసరా నుంచీ చెబుతూనే ఉంది. నాలుగు రోజులు కదపకుండా ఉంచిన బండి ఒకసారి తటపటాయించి లేచింది. ‘చాలా రోజులైంది కదా’ అనుకున్నాను. కార్తీకమాసంలో ఒక రాత్రి గుడి దగ్గర రద్దీలో ఆగి ఆగి వెళ్తుంటే, ఇంజను నెమ్మదించినప్పుడల్లా హెడ్‌లైట్లు పసుపుపచ్చగా దిగిపోయి, యాక్సిలరేటర్ తొక్కితే తెల్లబడేవి. మంచు వల్ల అలా కనిపిస్తోందనుకున్నాను. కిటికీ అద్దాలు పైకెక్కుతూ సగంలో బద్ధకించాయి. రబ్బరు బిగుసుకుందనుకున్నాను. హారన్ గొంతు బొంగురుపోయింది. అది మాత్రం మంచికే అనిపించింది. డాష్‌బోర్డు గడియారం ఒకనాడు ఉన్నట్టుండి పన్నెండు చూపించింది. దానికే కారణం దొరకలేదు, అయినా సరిచేసి ఊరుకున్నాను. వీటిలో ఏ ఒక్కటి విడిగా చూసినా పట్టించుకోదగ్గది కాదు. అన్నీ కలిపి ఒకచోట రాసుకుంటే మాత్రం పదో తరగతి పిల్లాడైనా జబ్బు పేరు చెప్పేస్తాడు. నేను కలిపి రాసుకోలేదు. పైగా బండి స్టార్టయిన ప్రతిసారీ, చూశావా ఏమీ లేదు అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. అది తీర్పు కాదు, వాయిదా అని ఇప్పుడు తెలుస్తోంది.

చెవితోనే జబ్బు చెప్పేవాళ్లున్నారు. మా ఊరి ఆటోనగర్‌లో ఒక పాత ఎలక్ట్రీషియన్ టీ గ్లాసు కింద పెట్టకుండానే, ‘కొట్టండి సెల్ఫ్’ అంటాడు. గబగబా టకటక వినిపిస్తే బ్యాటరీలో శక్తి చాలడం లేదని, లేదంటే టెర్మినల్ వదులైందని అర్థం. ఒకే ఒక్క ‘టక్’ వినిపించి నిశ్శబ్దమైతే అనుమానం సెల్ఫ్ మోటారు మీదికి పోతుంది. ఏ చప్పుడూ లేకుండా లైట్లు మాత్రం దివ్యంగా వెలుగుతుంటే బ్యాటరీని తిట్టి లాభం లేదు, ఏ రిలేనో తీగో వెతకాలి. హెడ్‌లైట్లు వేసి ఉంచి సెల్ఫ్ కొట్టి చూడటం అతని రెండో పరీక్ష. ఆ క్షణంలో వెలుగు చచ్చిపోయినట్టయితే మూడోది అక్కర్లేదు. ఇంతా చేసి వీటికి కావలసిన పనిముట్లు రెండు చెవులు, ఎదురుగా ఒక గోడ.

చూపుకీ ముక్కుకీ అందే గుర్తులూ లేకపోలేదు. టెర్మినళ్ల మీద తెల్లగానో నీలిపచ్చగానో చిలుము పేరుకుంటుంది, ఇత్తడి బిందెకి పట్టినట్టే. అది కరెంటుకి అడ్డు పడి, బాగున్న బ్యాటరీని కూడా పోయినదానిలా కనిపించేట్టు చేస్తుంది. గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్షుతో రుద్దితే నురగలు కక్కుతూ వదిలిపోతుంది. తుడిచి, బిగించి, పైన కాస్త వాజలైన్ రాస్తే చాలు. ఒక్కోసారి ఇరవై నిమిషాల్లో పోయే ఈ చిలుముకి, కొత్త బ్యాటరీ ఖర్చు పెట్టినవాళ్లు నాకు తెలుసు. అయితే డబ్బా పక్కలు ఉబ్బినా, కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసినా సోడాతో పని జరగదు. అది లోపల మితిమీరిన చార్జింగు వల్ల వచ్చే ఉబ్బు, వాసన. అలాంటిదాన్ని ఇంకొక్క రోజు కానీలే అనుకోకూడదు.

ఈ డబ్బా వయసు తలుచుకుంటే దాని మీద కాస్త గౌరవం కలుగుతుంది. ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకుల్ని మధ్యలో అడ్డు పెట్టి చాపలా చుట్టి, యాసిడ్‌లో ముంచి, మళ్లీ మళ్లీ చార్జి చేసుకోగల మొదటి బ్యాటరీ తయారు చేసింది 1859లో. అంటే మన గురజాడ పుట్టడానికి మూడేళ్ల ముందు. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ సెల్ఫ్ స్టార్టరు కాడిలాక్ కార్లలో వచ్చింది 1912లో, గురజాడ పోవడానికి మూడేళ్ల ముందు. అంతదాకా కారు ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాలి. ఇంజను ఎదురు తన్నితే మణికట్టు విరిగేది. ఆనాటి నుంచి కారు చుట్టూ మారనిది లేదు. ఇంజను మారింది, ఇంధనం మారింది, తాళం చెవి పోయి బొత్తం వచ్చింది. లోపలి సీసమూ యాసిడూ మాత్రం అవే. 1985లో గల్లా రామచంద్రనాయుడు మొదలుపెట్టిన అమరరాజా సంస్థ తిరుపతి పక్కన కరకంబాడి నుంచి దేశమంతటికీ పంపే కారు బ్యాటరీల్లో ఉన్నదీ మూలానికి ప్లాంటే విద్యే.

లోపల జరిగేది చెప్పుకుంటే సులువుగానే ఉంటుంది. ఆరు గదులు, గదికి రెండు వోల్టులకి కాస్త పైన. వెరసి నిండుగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు. ఒక పలక సీసం, ఇంకో పలక సీసపు ఆక్సైడు, మధ్యలో పలచని గంధకామ్లం. కరెంటు వాడుకుంటున్న కొద్దీ రెండు పలకల మీదా సీసపు సల్ఫేటు పొరలా పడుతుంది, ఆమ్లం నీరవుతుంది. ఇంజను నడుస్తూ తిరిగి చార్జి పెడితే ఆ పొర కరిగి మళ్లీ పలకా ఆమ్లమూ అవుతాయి. అలా ఎప్పటికప్పుడు కరిగితే ఏ గొడవా లేదు. దిగిపోయిన బ్యాటరీని అలాగే వారాల తరబడి వదిలేస్తే ఆ సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా బిగుసుకుపోతుంది. అరిసెల పాకం చూసిన వాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. లేతగా ఉన్నప్పుడే దించాలి. ముదిరిందా, ఎంత పిండి కలిపినా, ఎంత నెయ్యి పోసినా అది అరిసె కాదు, రాయి.

అంకెల్లో ఒక చమత్కారం ఉంది. ఇంజను ఆపి కొన్ని గంటలు వదిలేశాక మల్టీమీటరు పెట్టి చూస్తే 12.4 అంటే ముప్పాతిక ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 అంటే సుమారు పావు. పన్నెండు వోల్టుల బ్యాటరీలో పన్నెండున్నాయి కదా అని మనం తృప్తి పడే వేళకి అది దాదాపు అడుగంటింది. నిండుకీ ఖాళీకీ మధ్య ఒక్క వోల్టు కూడా తేడా లేదన్నమాట. ఇంకో తిరకాసు, ఊరికే ఉన్నప్పుడు 12.5 చూపించినది కూడా పనికి పిలిస్తే కూలబడవచ్చు. చిన్న కారుని లేపడానికి కూడా ఆ రెండు మూడు క్షణాల్లో వంద ఆంపియర్లకి పైగా కరెంటు కావాలి. నిలబడమంటే నిలబడేవాడు బస్తా ఎత్తగలడో లేదో ఎత్తించి చూస్తేనే తెలుస్తుంది. అందుకే షాపుల్లో లోడ్ టెస్ట్ చేస్తారు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ముల్లు 9.6 కంటే కిందికి జారితే ఆశ వదులుకోమంటారు.

చలికాలంలో పోయింది కాబట్టి చలే చంపిందనుకుంటాం. నిజానికి హంతకి మే నెల. మా ఊరిని తెల్లదొరలు బ్లేజ్‌వాడ అనేవారని చెప్పుకుంటారు. అది ఎంతవరకు నిజమో గానీ రోహిణి కార్తెలో ఇక్కడ బయట ఆపిన కారు బానెట్ మీద చెయ్యి పెట్టిన వాడెవడూ ఆ పేరుని కాదనడు. రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం వాళ్లకైతే చెప్పనే అక్కర్లేదు. వేడికి లోపలి నీరు ఆవిరవుతుంది, పలకలు త్వరగా తినేసుకుపోతాయి. పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయువు సుమారు సగానికి పడిపోతుందన్నది ఈ రంగంలో వాడుక లెక్క. వేసవి అలా గుల్ల చేసి వెళ్లిపోతుంది. చలి వచ్చాక రసాయనం మందగిస్తుంది, ఇంజను ఆయిలు చిక్కబడుతుంది, లేపడానికి ఎక్కువ బలం కావలసి వస్తుంది. గుల్లైన సంగతి అప్పుడు బయటపడుతుంది. లంబసింగిలో తెల్లారి మొరాయించిన బండికి జబ్బు చేసింది చాలాసార్లు నర్సీపట్నం ఎండలోనే. షికాగోలోనో టొరంటోలోనో ఉన్న మనవాళ్ల సంగతి వేరు. సున్నాకి పద్దెనిమిది డిగ్రీల దిగువన బాగున్న బ్యాటరీ కూడా సగం బలమే ఇస్తుంది. అక్కడ డిక్కీలో జంపింగ్ కేబుళ్లు పెట్టుకోవడం మన ఇంట్లో టార్చిలైటు పెట్టుకున్నట్టే.

నాకు కోపం వచ్చేదల్లా ఒక మాట మీద. ‘మెయింటెనెన్స్ ఫ్రీ’. ఒకప్పుడు బ్యాటరీ మీద ఆరు బిరడాలుండేవి. పదిహేను రోజులకోసారి విప్పి, పలకలు మునిగాయో లేదో చూసి, సీసాలోంచి డిస్టిల్ వాటర్ పోసేవారు. హైడ్రోమీటరు పెట్టి పీలిస్తే గాజు గొట్టంలో బుడ్డ తేలేది. మా పెదనాన్నకి ఒక లారీ ఉండేది. ఆయన పూజ తర్వాత పంచె ఎగ్గట్టి చేసే మొదటి పని ఇది. ‘మూడో గది నీరసంగా ఉందిరా’ అనేవాడు, ఇంట్లో ఒక పిల్లాడి గురించి చెప్పినట్టు. ఆ మూడో గది కథ ముగిసే నాటికి కొత్త బ్యాటరీకి డబ్బు కూడా కట్టి సిద్ధంగా ఉండేవాడు. ఆయన బండి దారిలో ఆగిందేమోగానీ ఇంట్లో ఆగగా నేను చూడలేదు.

ఇప్పుడు బిరడాలు లేవు. మూత మూసేసిన డబ్బా, పైన ఒక చిన్న గాజు కన్ను. పచ్చగా ఉంటే బాగున్నట్టు, నల్లబడితే చార్జి కావాలని, తెల్లబడితే పారెయ్యమని. చక్కటి ఏర్పాటే. కాకపోతే ఆ కన్ను ఆరు గదుల్లో ఒకే ఒక్క గదిని చూస్తుంది. మిగతా అయిదింట్లో ఏది కూలినా అది పచ్చగానే నవ్వుతూ ఉంటుంది. మా బ్యాటరీ కన్ను ఆ తెల్లవారుజామున కూడా పచ్చగానే ఉంది. సంరక్షణ అక్కర్లేదన్న మాటని మనం చూడనక్కర్లేదని అర్థం చేసుకున్నాం. బానెట్ ఎలా తెరవాలో తెలియని కార్ల యజమానులు ఎంతమందో! నేనూ ఆ రోజు ఆ మీట కోసం స్టీరింగ్ కింద తడుముకున్నవాడినే.

పాత రోజుల్లో సుఖమంతా ఉందని అనడం లేదు. బిరడా విప్పి యాసిడ్ చొక్కా మీద చిందించుకున్న వాళ్లని, బొక్కలు పడిన ఆ చొక్కాలనే పనికి తొడుక్కుని అరగదీసిన వాళ్లని చూశాను. అయితే ఆ డబ్బాతో ఊరందరికీ ఒక పరిచయం ఉండేది. 1987లో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో రామాయణం వచ్చే రోజుల్లో, మా ఊళ్లో కరెంటు పోతే ట్రాక్టరు బ్యాటరీ విప్పుకొచ్చి అరుగు మీద పెట్టేవారు. ఎర్ర తీగ, నల్ల తీగ, పధ్నాలుగంగుళాల బ్లాక్ అండ్ వైట్ టీవీ, ముందు యాభైమంది. హనుమంతుడు సముద్రం లంఘించే వేళకి బొమ్మ నాలుగు పక్కలా కుంచించుకుపోయేది. ‘బ్యాటరీ దిగిపోతోందిరోయ్’ అని ముందుగా అరిచేది పిల్లలే. బొమ్మ చిన్నదైతే దాని అర్థమేమిటో మాకు తెలుసు. సోమవారం పొద్దున ట్రాక్టరు లేవకపోతే, ఎవరెవరు రామాయణం చూశారో వాళ్లందరూ వచ్చి తొయ్యాలి. అది ఊరి ఒప్పందం. మైకు సెట్టు వాళ్లకి, పెళ్లి ఊరేగింపుల్లో లైట్లు మోసేవాళ్లకి బ్యాటరీ చార్జింగ్ షాపు రోజూ తొక్కే గడప. రాత్రంతా బల్ల మీద వరసగా బ్యాటరీలు, సన్నగా బుసబుస.

సెల్లార్‌కి వద్దాం. మూడో అంతస్తు కుర్రాడు అప్పుడే నైట్ డ్యూటీ నుంచి దిగాడు. ‘అంకుల్, కేబుల్స్ ఉన్నాయి, ఆగండి’ అని తన కారు ఎదురుగా తెచ్చి నిలబెట్టాడు. నేను ఉత్సాహంగా ఎర్రదీ నల్లదీ రెండు చేతుల్లో పట్టుకోబోతే వారించాడు. ముందు ఎర్ర పట్టీ పోయిన బ్యాటరీ ప్లస్‌కి. దాని రెండో కొస బాగున్న బ్యాటరీ ప్లస్‌కి. నల్ల పట్టీ బాగున్నదాని మైనస్‌కి. ఆఖరి కొస మాత్రం పోయిన బ్యాటరీ మైనస్‌కి తగిలించడు. దూరంగా, ఇంజను మీద రంగు లేని ఇనుప ముక్క చూసి దానికి కరిపిస్తాడు. ఎందుకంటే ఆఖరిసారి తగిలించేటప్పుడు చిన్న నిప్పురవ్వ రాలడం మామూలు. బ్యాటరీ పైన హైడ్రోజన్ వాయువు ఉండే వీలుంది. ఆ రెండిటినీ కలవనివ్వకూడదు. ఇవన్నీ అతను ఆవులిస్తూనే చేశాడు. ఎర్రా నల్లా తారుమారైతే మాత్రం ఆవులింతతో పోదు, రెండు కార్లలోని ఎలక్ట్రానిక్సూ ఒకేసారి కాలిపోగలవు.

అయిదు నిమిషాలు అతని ఇంజను నడిచాక నా తాళం తిప్పితే, అదేమీ జరగనట్టు లేచింది. తీగలు పెట్టిన క్రమానికి తిరగేసి విప్పాడు. విప్పిన తర్వాత కూడా ఇంజను నడుస్తోందంటే ఆల్టర్నేటరు పనిచేస్తోందని ఒక భరోసా. మన మెకానిక్కులు ఇప్పటికీ దాన్ని డైనమో అనే అంటారు. నడుస్తుండగా బ్యాటరీ కొసల దగ్గర 13.8కీ 14.5కీ మధ్య రావాలి. తీగలు తీసెయ్యగానే చచ్చిపోతే కొత్త బ్యాటరీ కొన్నా వారం రోజుల్లో మళ్లీ ఇదే సెల్లార్‌లో ఇదే పంచాయితీ. డైనమోని పరీక్షించడానికి ఇంజను నడుస్తుండగానే బ్యాటరీ టెర్మినల్ ఊడబీకే పాత పద్ధతి ఒకటి ఇంకా కొన్ని షెడ్లలో కనిపిస్తుంది. అంబాసిడర్ల కాలంలో చెల్లింది. ఇప్పటి కార్లలో అలా చేస్తే వోల్టేజీ ఎగిరిపడి కంప్యూటరు బోర్డు పోతుంది, బ్యాటరీ కంటే అది ఎన్నో రెట్లు ఖరీదు. తోసి లేపడానికీ ఇప్పుడు అన్ని బండ్లూ ఒప్పుకోవు. ఆటోమేటిక్ గేర్ల కారుని ఎంత తోసినా చక్రాలు ఇంజనుని తిప్పవు. గేర్లు మార్చే కారైనా బ్యాటరీ బొత్తిగా అడుగంటితే పెట్రోలు పంపుకీ ఇంజెక్టర్లకీ ఊపిరి ఉండదు.

‘ఆపకుండా వెళ్లిపోండి అంకుల్, దారిలో టీకి కూడా ఇంజను ఆపద్దు’ అన్నాడు కుర్రాడు. వెళ్లలేదు. ఏలూరు బైపాస్ మీద చలిలో అత్తగారిని దింపి నిలబడే ధైర్యం నాకు లేదు. వెలుతురు వచ్చేదాకా పైకెళ్లి కాఫీ తాగాం. తొమ్మిదింటికి షాపు తెరిచారు. స్కూటరు కాళ్ల దగ్గర కొత్త బ్యాటరీ పెట్టుకుని ఒక అబ్బాయి వచ్చాడు. పాతది విప్పేటప్పుడు నల్లది ముందు, కొత్తది బిగించేటప్పుడు ఎర్రది ముందు. పానా పొరపాటున బాడీకి తగిలినా నిప్పు రాకుండా ఈ వరస. వారంటీ కార్డు మీద సంతకం చేసే ముందు డబ్బా మీది తయారీ తేదీ చూడమని మా పెదనాన్న ఉంటే చెప్పేవాడు. షాపులో ఏడాది కూర్చున్న బ్యాటరీ ఊరికే కూర్చోదు, తనలో తానే దిగిపోతూ ఉంటుంది. చూశాను. మూడు నెలల కిందటిది.

పాతది ఎన్నేళ్లు వచ్చిందని అడిగాడు. నాకు తెలియదు. కొన్నప్పటిదేనా, మధ్యలో మార్చారా అన్నాడు. అదీ గుర్తు లేదు. అతనే డబ్బా మీద చెక్కిన అంకెలు చదివి, ‘నాలుగేళ్లు దాటేసింది సార్, మన ఎండకి మూడు నాలుగేళ్లొస్తే బాగా చూసుకున్నట్టే’ అన్నాడు. బాగా చూసుకున్నానని అతను అనుకోవడం నాకు కొంచెం సిగ్గుగా అనిపించింది. రోజూ ఎంత దూరం తిప్పుతారని కూడా అడిగాడు. ఆఫీసుకి రెండు కిలోమీటర్లు, ఏసీ, పాటలు, అద్దం దగ్గర రాత్రింబగళ్లు మెలకువగా ఉండే కెమెరా. ఒక్కసారి లేపడానికి ఖర్చయినది తిరిగి నిండాలన్నా ఆ దూరం చాలదట. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై కార్లన్నీ ముసుగులు కప్పుకుని నిద్రపోయాక, మళ్లీ తియ్యబోతే ఒక్కో అపార్ట్‌మెంట్లో పదేసి బండ్లు ఇలాగే చచ్చి ఉన్నాయని, ఆ వేసవిలో ఇలాగే స్కూటరు మీద ఊరంతా తిరిగానని చెప్పాడు. వారానికోసారి కిందికెళ్లి రెండు నిమిషాలు ఇంజను ఆడించి వచ్చిన వాళ్లవీ పోయాయట. ఆడిస్తే సరిపోదు, కనీసం అరగంట నడపాలి.

వచ్చేసారి ఎలక్ట్రిక్ కారు కొంటాను, ఈ బాధ పోతుంది అన్నాను మాటవరసకి. అబ్బాయి నవ్వాడు. ‘దాంట్లో కూడా ఇది ఉంటుంది సార్’ అన్నాడు. నిజమే. మూడు నాలుగు వందల కిలోమీటర్లు లాగే పెద్ద బ్యాటరీ కారు కడుపులో పడుకుని ఉన్నా, దాన్ని తట్టి లేపడానికీ తలుపులు తెరవడానికీ చాలా ఎలక్ట్రిక్ కార్లలో ఇంకా ఒక చిన్న పన్నెండు వోల్టుల బ్యాటరీయే దిక్కు. అది పోతే ఏనుగంత బలం లోపల ఉండీ మావటి లేక కదలదు.

పాత బ్యాటరీ ఇచ్చినందుకు బిల్లులో కొంత తగ్గించాడు. దాన్ని అతను ఎత్తిన తీరు చూస్తే బరువు తెలిసింది. ఆ బరువులో సగానికి పైగా సీసమే, కరిగించి మళ్లీ మళ్లీ వాడుకోదగ్గది. అందుకే పోయిన బ్యాటరీకి కూడా ధర ఉంటుంది, అందుకే దాని చుట్టూ ఒక చీకటి వ్యాపారమూ ఉంటుంది. లెక్క ప్రకారం వెళ్తే అది కంపెనీకి తిరిగి చేరి, పొగగొట్టాలకి జల్లెళ్లున్న కొలిమిలో కరుగుతుంది. పాత సామాన్ల వాడికి నాలుగు రూపాయలు ఎక్కువిస్తాడని అమ్మితే, ఊరి చివర గొడ్డలితో పగిలి, యాసిడ్ మట్టిలోకి, సీసపు పొగ గాలిలోకి పోవచ్చు. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో, అంటే 80 కోట్ల మంది దాకా పిల్లల్లో, సీసం ప్రమాదకరమైన పాళ్లలో ఉందని 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు కలిసి వేసిన నివేదిక లెక్కగట్టింది. అందులో మన దేశం వాటా పెద్దది. పెద్ద కారణాల్లో ఒకటి, ఇలా పెరళ్లలో పగిలే బ్యాటరీలు. 2022లో మన ప్రభుత్వం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాలు వెనక్కి తీసుకునే బాధ్యతని తయారీదారుల మీద పెట్టాయి. ఆ బాధ్యత మా సెల్లార్ దాకా వచ్చిందో లేదో తెలుసుకుందామని, ‘ఇది ఎక్కడికి పోతుంది బాబూ?’ అని అడిగాను. ‘షాపుకి సార్’ అన్నాడు. ‘అక్కడి నుంచి?’ ‘నెలకోసారి కంపెనీ వ్యాన్ వస్తుంది సార్. వాళ్లు కాయితం ఇస్తారు.’ ఇంతకు ముందు ఎవరూ అడగలేదన్నట్టు నా వంక చూశాడు.

పదకొండింటికి బయల్దేరాం. అనుకున్నట్టే రావులపాలెం దాకా కార్లు బారులు తీరి ఉన్నాయి. అరిసెల డబ్బా తాడేపల్లిగూడెం దగ్గరే సగం ఖాళీ అయింది. బయల్దేరే ముందు మా ఆవిడ వంటింట్లోకి వెళ్లి, గోడకి తగిలించిన కొత్త క్యాలెండర్ దగ్గర నిలబడటం చూశాను. గ్యాస్ బండ ఎప్పుడు మార్చారో, పాలవాడు ఎన్ని నాగాలు పెట్టాడో అందులోనే ఉంటుంది. ఆ భోగి ముందురోజు గడిలో, పిండివంటల నూనె మరక పక్కన, పెన్సిల్‌తో ‘కారు బ్యాటరీ’ అని రాసి కింద గీత గీసింది.